ఫీజు కట్టినంత మాత్రాన హక్కు రాదు

ప్రశ్న: ఆరు నెలలుగా ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను. మా ఆయన ఆవిడకు ఫోన్ చేసి, నేనేం చెప్పుకుంటున్నానో అడిగారు. ఫీజు కడుతున్నది తనే కాబట్టి తెలుసుకునే హక్కు ఉందంటున్నారు. నిజమేనా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: లేదమ్మా. ఫీజు ఎవరు కట్టినా, ఆ గదిలో చెప్పుకున్న మాటలు మీవే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు మీకు ఇచ్చింది. దాన్ని కాపాడటం చికిత్స చేసేవారి విధి. మీరు రాతపూర్వకంగా ఒకరిని మీ ప్రతినిధిగా నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధికి కూడా బాధ్యత నెరవేర్చడానికి కావలసిన సమాచారమే చెప్పాలి తప్ప కుతూహలం తీర్చడానికి కాదు.

మినహాయింపులు లేకపోలేదు. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నా, మరొకరికి హాని జరిగేలా ఉన్నా, హైకోర్టు వంటివి ఆదేశించినా చెప్పవచ్చు. అప్పుడు కూడా ఆ ముప్పు తప్పించడానికి ఎంత అవసరమో అంతే. మంచి థెరపిస్టు ఈ హద్దులను మొదటి రోజే వివరిస్తారు. మీకు ఎవరూ వివరించకపోతే అది లోపమే, నిర్మొహమాటంగా అడగండి.

మరో మాట. ‘కౌన్సెలర్’ అని బోర్డు పెట్టుకున్నవారందరూ క్లినికల్ సైకాలజిస్టులు కారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగి చూసుకోండి.

ఈసారి వెళ్లినప్పుడు, మీ అనుమతి లేకుండా ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పవద్దని కాగితం మీద రాసి ఇవ్వండి. చికిత్స మాత్రం మానకండి.