ప్రాసెసరు వేగము, దాని వేడిమి

ప్రత్యేకముగా గ్రాఫిక్స్ కార్డు కొనుటకు శక్తి చాలని విద్యార్థి, గ్రాఫిక్స్ భాగము కూడ తనలోనే గల ప్రాసెసరును ఎన్నుకొనుట సహజము. కొన్న కొలది దినములకే దాని వేగమును పెంచవలెనను కోరిక కలుగును. దీనినే ఓవర్‌క్లాకింగ్ అందురు. ‘త్వరణము’ అను మాట భౌతికశాస్త్రమున వేరొక అర్థమున స్థిరపడినది గనుక, మేమిచట వాడుకలోని మాటనే గ్రహించుచున్నాము.

ఏ.ఎం.డి. సంస్థ 2021లో విడుదల చేసిన రైజెన్ 5 5600జి అను ప్రాసెసరును ఉదాహరణముగా తీసికొందము. ఇందు 6 కోర్లును, గ్రాఫిక్స్ భాగమును ఒకే సిలికాన్ పలుకులో ఇమిడియున్నవి. మూలవేగము 3.9 గిగాహెర్ట్జ్, అవసరమును బట్టి తనంతట తానే 4.4 వరకు పెరుగును. 95 డిగ్రీల సెల్సియస్ దాని గరిష్ఠ ఉష్ణోగ్రత. బోర్డు నుండి వచ్చు 100 మెగాహెర్ట్జ్ స్పందనను 39 చేత గుణించిన మూలవేగము వచ్చును. ఆ గుణకమును పెంచుటయే ఓవర్‌క్లాకింగ్. బి550 చిప్‌సెట్ గల బోర్డులు ఇందుకు అనుకూలించును. ఏ520 బోర్డులు అనుకూలింపవు.

గుణకమును పెంచినపుడు, యంత్రము స్థిరముగా పనిచేయుటకు వోల్టేజీని కూడ పెంచవలసి వచ్చును. చిక్కంతయు ఇచటనే యున్నది. వేడిమి వేగమును బట్టియే గాక, వోల్టేజీ వర్గమును బట్టి కూడ పెరుగును. వేగమును నూటికి 10 పాళ్లు పెంచి, అందుకై వోల్టేజీని 1.2 నుండి 1.3కు చేర్చితిమనుకొందము. 1.1ని 1.17 చేత గుణించిన సుమారు 1.29 వచ్చును. 10 పాళ్ల వేగమునకై 29 పాళ్ల వేడిమిని కొనితెచ్చుకొన్నామన్నమాట! పైగా ఈ వేడిమిని కోర్లును గ్రాఫిక్స్ భాగమును ఒకే మూత క్రింద పంచుకొనవలెను.

ఎంతటి ఫ్యానైనను ప్రాసెసరును గదిలోని గాలికంటె చల్లబరచజాలదు. 25 డిగ్రీల గదిలో 75 చూపు ప్రాసెసరు, అదే పనిని మన వేసవిలో 40 డిగ్రీల గదిలో చేసిన సుమారు 90 చూపును. పరిమితిని తాకినచో అది ఆత్మరక్షణకై వేగమును తానే తగ్గించుకొనును. జనవరిలో సాధించిన వేగము మే నెలలో నిలువకపోవచ్చును.

ఇంతకును ఆటలకై వేగము కోరువారు మొదట చూడవలసినది ర్యామ్. ఈ గ్రాఫిక్స్ భాగమునకు సొంత మెమరీ లేదు. బోర్డుపై గల ర్యామ్‌నే వాడుకొనును. డీడీఆర్4-3200 రకపు ర్యామ్ ఒక్కటే యున్నచో సెకనుకు 25.6 గిగాబైట్లు మాత్రమే అందును. రెండు అమర్చినచో 51.2 అందును. దారి ఇరుకైనపుడు బండి వేగమును పెంచి ఏమి లాభము? అందుచేత 16 జీబీ ర్యామ్ ఒకటి కొనుటకంటె 8 జీబీవి రెండు కొనుట మేలని మా అభిప్రాయము. ఖర్చులో పెద్ద భేదముండదు, వేడిమియు అంతగా పెరుగదు.

అటుపిమ్మటను కోరిక తీరనివారు ముందుగా ఫ్యాను రెక్కల దుమ్ము తుడువవలెను. పాత థర్మల్ పేస్టును తీసి, శనగగింజంత క్రొత్తది వేయవలెను. లోహముల నడుమ కంటికగపడని సందులలోని గాలి వేడిమిని సరిగా ప్రసరింపనీయదు. పేస్టు ఆ సందులను పూడ్చును. ఓవర్‌క్లాకింగ్ వలన కలిగిన నష్టమునకు సంస్థ వారంటీ వర్తింపదని ఎరిగి, వేగమును కొద్దికొద్దిగా పెంచుచు, ప్రతి మెట్టు వద్దను అరగంటసేపు ఉష్ణోగ్రతను గమనింపవలెను. ఆ పరీక్షకు వేసవి మధ్యాహ్నమే తగిన సమయము.