తుంటి ఎముక అతికితే సరిపోదు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, రోజూ పాలు పోసే పెద్దామె వరుసలో కనిపించకపోతే మేము కారణం అడుగుతుంటాము. "కొట్టంలో జారిపడింది, తుంటి విరిగింది, ఆపరేషన్ చేయించాము" అనే జవాబు తరచు వింటున్నాము. అంతటితో వైద్యం ముగిసిందని ఇంటివారు అనుకుంటున్నారు. అది పొరపాటు. డాక్టరు అతికించినది విరిగిన చోటును మాత్రమే. విరగడానికి కారణమైన బలహీనత ఒంట్లోని ఎముకలన్నిటిలోను మిగిలే ఉంటుంది.

పెద్ద వయసులో నిలబడినచోట పడినంత మాత్రాన తుంటి విరిగిందంటే, సాధారణంగా ఎముకలు గుల్లబారినట్లే. దీనినే ఆస్టియోపోరోసిస్ అంటారు. ఇటువంటివారికి రెండో తుంటి గాని, వెన్నుపూస గాని, మణికట్టు గాని విరిగే ప్రమాదం ఇతరులకంటె ఎక్కువ. మొదటి రెండేళ్ళు మరీ ఎక్కువ.

ఎందుకు గుల్లబారుతాయి?

పాలజ్వరం సంగతి పాడి రైతులకు తెలిసినదే. ఈనిన గేదె రక్తంలో కాల్షియం, అంటే సున్నపు ధాతువు, ఒక్కసారిగా తగ్గి లేవలేకపోతుంది. నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలావరకు లేచి నిలబడుతుంది. మనిషి ఎముకలు గుల్లబారడం ఇటువంటి జబ్బు కాదు. తిండిలో కాల్షియం చాలనప్పుడు శరీరం ఎముకల నుంచి తీసి రక్తానికి సర్దుతుంది. జమ తక్కువ, ఖర్చు ఎక్కువ అయిన ఖాతాలాగా ఏళ్ళ తరబడి నిల్వ తరిగిపోతుంది. పైకి ఏమీ తెలియదు. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత ఈ తరుగుదల వేగమవుతుంది. పురుషులకూ ఈ జబ్బు వస్తుంది. పొగ తాగడం, మితిమీరి మద్యం తాగడం, స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడడం కూడా ఎముకలకు చేటు.

కనుక ఒక్క కాల్షియం సూదితో ఇది నయం కాదు. పశువులకిచ్చే కాల్షియం మందు మనుషులు ఎన్నడూ తాగరాదు.

మందులు

ఆపరేషన్ చేసిన డాక్టరును "ఎముకలు గట్టిపడే మందు ఎప్పుడు మొదలుపెట్టాలి?" అని తప్పక అడగండి. వారానికొకసారి మింగే ఎలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికొకసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇందులో ముఖ్యమైనవి. తుంటి ఆపరేషన్ అయిన 2,127 మందిపై జరిపిన పరిశోధన 2007లో వెలువడింది. జోలెడ్రోనిక్ ఆమ్లం తీసుకున్నవారిలో, తీసుకోనివారితో పోలిస్తే, మళ్ళీ ఎముకలు విరగడం 35 శాతం తగ్గింది. మరణాలు కూడా తగ్గాయి. మందు ఇచ్చేముందు డాక్టరు మూత్రపిండాల పనితీరు, విటమిన్ డి, కాల్షియం చూస్తారు. పళ్ళ బాధ ఉంటే ముందుగానే చెప్పాలి.

ఎలెండ్రోనేట్ మాత్ర పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్ళతో మింగాలి. ఆ తరువాత అరగంట నడుము వాల్చరాదు. ఏమీ తినరాదు. ఈ మాత్రను పాలతో మింగితే పాలలోని కాల్షియం మందును ఒంటబట్టనివ్వదు. పాలు, కాఫీ, టీ అరగంట దాటిన తరువాతే.

ఆహారం

2020లో భారత వైద్య పరిశోధన మండలి చేసిన సిఫారసు ప్రకారం ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పావు లీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. కాల్షియం ఉండేది వెన్నలో కాదు, వెన్నేతర ఘనపదార్థాలలో. కాబట్టి వెన్న తీసిన చిక్కని మజ్జిగ కూడా మంచిదే. రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వులు, ఆకుకూరలు కూడా వాడండి. కండబలానికి పప్పు, గుడ్డు అవసరం. మన ఇంటి పాలలో విటమిన్ డి చాలా తక్కువ. దానికి ఎండ, డాక్టరు చెప్పిన మందు అవసరం.

చివరి చుక్కదాకా కేంద్రానికి పోసి, ఇంట్లో ముసలివారికి నీళ్ళ మజ్జిగ మిగిల్చే అలవాటు మానుకోవాలి. పూటకు అర లీటరు తక్కువ పోసినా సంఘానికి నష్టం లేదు.

పడకుండా జాగ్రత్తలు

1. కొట్టంలో పేడ, మూత్రం ఎప్పటికప్పుడు కడిగి, నేల ఆరనివ్వాలి. పలుపుతాళ్ళు దారిలో ఉంచరాదు.
2. తెల్లవారుజామున పాలు పితకడానికి దీపం లేకుండా వెళ్ళరాదు. తుంటి విరిగినవారికి ఈ పని అప్పగించరాదు.
3. పాల క్యాను ఎత్తడం, దూడను లాగి పట్టుకోవడం ఇంట్లోని పడుచువారు చేయాలి.
4. స్నానాల గదిలో, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించాలి.
5. కంటిలో శుక్లం ఉంటే ఆపరేషన్ చేయించాలి. నిద్రమాత్రలు, రక్తపోటు మాత్రల వల్ల తల తిరిగితే డాక్టరుకు చెప్పాలి.
6. మంచానికే పరిమితం చేయరాదు. డాక్టరు చెప్పిన ప్రకారం చేతికర్రతో నడిపించాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ సాధన చేయించాలి.

సంఘ సమావేశంలో చర్చకు

1. మన సంఘ సభ్యుల ఇళ్ళలో తుంటి విరిగినవారు ఎందరు? వారిలో ఎముకల మందు వాడుతున్నవారు ఎందరు?
2. ఆ ఇళ్ళలో రోజుకు ఎన్ని పాలు ఉంచుకుంటున్నారు?
3. పాల కేంద్రం మెట్ల దగ్గర దీపం, పట్టుకోవడానికి కడ్డీ ఉన్నాయా? లేకుంటే పాలకవర్గం ఎప్పటిలోగా ఏర్పాటు చేస్తుంది?