లారీ పొగ – కొండ గాలి

కర్ణాటకలోని గదగ్ పట్టణంలో పుస్తకాలు అచ్చువేసి అమ్మే కుటుంబం ఒకటి ఉండేది. ఆ ఇంటి కుమారుడు విజయ్ సంకేశ్వర్ 1976లో ఒక లారీ కొని సరకు రవాణా మొదలుపెట్టారు. ఆ వ్యాపారం ఆ ఇంట్లో ఎవరికీ తెలిసినది కాదు. కొద్దికాలానికి ఆయన హుబ్బళ్ళికి మకాం మార్చారు. ఆ ఒక్క లారీయే పెరిగి పెరిగి వి.ఆర్.ఎల్. సంస్థ అయింది. 2015లో షేర్లను ప్రజలకు అమ్మినా, నడిపే బాధ్యత ఆయన, ఆయన కుమారుడు ఆనంద్ విడిచిపెట్టలేదు. వారి వాహనాలు ఐదు వేలకు పైమాటే.

ఒక కిరాణా వర్తకుడు నాలుగు పెట్టెలు పంపదలచాడనుకుందాం. వాటి కోసం ఒక లారీ కదలదు. ఊరి బుకింగు ఆఫీసులో అటువంటి చిల్లర సరకులన్నీ పోగుచేస్తారు. అక్కడి నుండి అవి ఒక పెద్ద గోదాముకు చేరుతాయి. హమాలీలు వాటిని దించి, ఏ ఊరివి ఆ ఊరికి వేరుచేసి, మళ్ళీ నిండు లారీలకు ఎత్తుతారు. గోదాము అంటే సరకు దాచే చోటని మనం అనుకుంటాము. ఇక్కడ అది సరకును దారి మళ్ళించే చోటు, రైళ్ళకు జంక్షను వంటిది.

దీనికీ మనం పీల్చే గాలికీ ఏమి సంబంధం? ఒక లెక్క చూద్దాం. హుబ్బళ్ళి నుండి బెంగళూరుకు సుమారు 400 కిలోమీటర్లు. బరువుతో ఉన్న పెద్ద లారీ లీటరు డీజిలుకు 4 కిలోమీటర్లు నడిచిందనుకుంటే 100 లీటర్లు కావాలి. ఒక లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. లీటరు డీజిలే కిలో తూగదు, మరి ఇంత బరువు ఎక్కడిది? డీజిలులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. ఎక్కువ బరువు ఆ ఆక్సిజన్‌దే. ఒక్క ప్రయాణానికి 270 కిలోలన్నమాట.

లారీ సగం ఖాళీగా వెళ్ళినంత మాత్రాన డీజిలు సగం మిగలదు. ఇంజను తన లారీ బరువును తాను లాగవలసిందే. తిరుగు లోడు దొరకక ఖాళీగా వస్తే ఆ పొగ అంతా వృథా. అందువల్ల నిండుగా పోయి నిండుగా రావడమే రవాణాలో మొదటి పొదుపు. హుబ్బళ్ళి సమీపంలోని వరూరులో ఈ సంస్థ తన లారీలకు తానే తేలికైన బాడీలు కట్టుకుంటుంది. బాడీలో తగ్గిన ప్రతి కిలో సరకుకు చోటవుతుంది.

ఇదంతా లాభం కోసం చేసినదే; గాలికీ మేలు జరిగింది. అయితే ఈ రెండూ ఎల్లప్పుడూ కలిసి నడవవు. కొన్నేళ్ళు ఈ లారీలలో జీవ ఇంధనమైన బయోడీజిలును కూడా వాడారు. డీజిలుతో పోల్చితే అది చవక. ధరలలో తేడా తగ్గినకొద్దీ వాడకమూ తగ్గింది.

గదగ్ జిల్లాలోనే కప్పతగుడ్డ అనే కొండల వరుస ఉన్నది. అక్కడ గాలి జోరుగా వీస్తుంది. 2006లో గాలి విద్యుత్తు రంగంలో అడుగుపెట్టిన ఈ సంస్థ ఆ కొండలపై 34 గాలిమరలు నిలిపింది. ఒక్కొక్కటి 1.25 మెగావాట్లు, అన్నీ కలిపి 42.5 మెగావాట్లు. బొగ్గు కాల్చకుండా వచ్చిన కరెంటు అది. కాని అది లారీలకు పోలేదు, రాష్ట్ర విద్యుత్ వ్యవస్థకు పోయింది. లారీలు మునుపటిలాగే డీజిలు తాగాయి. కొండపై మర తిరిగినందున రోడ్డుమీద పొగ తగ్గదు.

పైగా ఆ కొండ ఖాళీ జాగా కాదు. కప్పతగుడ్డ ఔషధ మొక్కలకు పేరుపొందినది. గనులు తవ్వితే ఆ మొక్కలు పోతాయని చుట్టుపక్కల ప్రజలు ఏళ్ళ తరబడి ఉద్యమించారు. 2019లో ప్రభుత్వం సుమారు 244 చదరపు కిలోమీటర్ల అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. గాలిమర పొగ వదలకపోయినా, దానిని కొండపైకి చేర్చడానికి వాలు తవ్వి బాట వేయాలి, మొక్కలు తీయాలి.

2022లో ఈ సంస్థ తన గాలి విద్యుత్తు వ్యాపారాన్ని అమ్మివేయ నిశ్చయించుకొని, సరకు రవాణాపైనే దృష్టి నిలిపింది. ఆ రవాణా ఖర్చులో నేటికీ పెద్ద పద్దు డీజిలే.