రహీం సాహెబు వదలి వెళ్ళినది

తొప్పూరు కనుమ దగ్గర నిలబడి చూస్తే పగలనక రాత్రనక లారీలు దిగుతూనే ఉంటాయి. ఇది శ్రీనగరు నుండి కన్యాకుమారి దాకా పోయే 44వ జాతీయ రహదారి. ఈ దారినే ఉత్తరంగా పోతే ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు, బెంగుళూరు, అనంతపురం, కర్నూలు దాటి హైదరాబాదు చేరవచ్చు. ఆ నగరం పేరు వినగానే ఎవరికైనా చార్మినారు గుర్తుకు వస్తుంది. కాని 1950లలో బొంబాయిలోనూ కలకత్తాలోనూ ఆటలంటే ఇష్టమున్నవారికి హైదరాబాదు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది ఫుట్‌బాల్.

ఆ పేరు తెచ్చిన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. నగరంలోని పాత అభిమానులు ఆయనను నేటికీ "రహీం సాహెబు" అనే అంటారు. ఆయన పోయి అరవై ఏళ్ళు దాటింది. అయినా నలుగురు పెద్దలు కూర్చుని ఫుట్‌బాల్ మాట ఎత్తితే చాలు, ఆయన ఏమి ఇచ్చి వెళ్ళారు, అది ఎందుకు నిలువలేదు అనే వాదన తప్పక వస్తుంది. ఈ పాఠం ఆ వాదనను గురించినది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, వృత్తిచేత ఉపాధ్యాయులయ్యారు. నగరంలోని పలు పాఠశాలలలో పనిచేశారు. ఆపైన వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. సంఘం పని, పోలీసు జట్టు శిక్షణ, రెండూ ఆయన చేతిమీదుగానే సాగాయి.

ఆయన శిక్షణలో బడిపంతులు గుణం స్పష్టంగా కనిపిస్తుంది. మంచి పంతులు పిల్లవానికి వచ్చిన లెక్కనే మళ్ళీమళ్ళీ చేయించడు, రానిదానినే చేయిస్తాడు. మనలో చాలామందికి కుడికాలు వాటం. బంతి ఎడమవైపు వస్తే దానిని కుడికాలికి మార్చుకొని తన్నుతాము. ఆ మార్చుకొనే ఒక్క క్షణంలో ఎదుటివాడు వచ్చి బంతి లాగేసుకుంటాడు. దీనికి రహీం ఒక ఉపాయం చేశారు. వాటం లేని కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. బంతిని కాళ్ళ దగ్గర ఆడించుకుంటూ పోరాదని, అంటే డ్రిబ్లింగ్ చేయరాదని, మరికొన్ని పోటీలు నడిపారు. అటువంటి పోటీలో బంతి అందగానే తోటివానికి అందించక తప్పదు. అందించాలంటే బంతి రాకముందే తోటివాడు ఎక్కడున్నాడో చూసి ఉంచుకోవాలి. కాలికి పని తగ్గి కంటికి, బుద్ధికి పని పెరుగుతుంది. మీ బడి మైదానంలో ఒక సాయంత్రం ఈ నియమాలతో ఆడి చూడండి. మొదటి పది నిమిషాలు నవ్వులాటగా ఉంటుంది. తరువాత ఎంత కష్టమో తెలుస్తుంది.

ఫలితం త్వరలోనే కనిపించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసులు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు గెలిచారు. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956లోనూ 1957లోనూ హైదరాబాదుకే వచ్చింది. కలకత్తా వంటి నగరంలో ఒక్కొక్క జట్టు వెనుక వేలాది అభిమానులు, చందాలు, పలుకుబడి ఉండేవి. ఇక్కడ ఉన్నది ఉద్యోగం చేసుకుంటూ ఆడే పోలీసులు, ఒక ఉపాధ్యాయుడు.

దేశపు జట్టును కూడా రహీమే తీర్చారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం పొందింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం పరాభవం ఎదురైంది. ఆ చలిలో మనవారు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. యుగోస్లావియా 10-1తో ఓడించింది. అభిమానులు ఆయన ఘనతలు చెప్పేటప్పుడు ఈ ఆటను దాటవేయడం కద్దు. అది సరికాదు. ఆ ఓటమి తరువాత ఆయన ఏమి చేశారో చూస్తేనే ఆయన విలువ తెలుస్తుంది. మనవారు బూట్లు తొడిగి ఆడడం నేర్చారు. ముందువరుసలో నిలిచే మధ్య ఆటగాణ్ణి కొంచెం వెనుకకు దించి, ఎదుటి రక్షకులకు ఎవరిని పట్టుకోవాలో తెలియకుండా చేశారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత జట్టు సెమీఫైనలు చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. సెమీఫైనలులో ఎదురైనది అదే యుగోస్లావియా. మొదటి గోలు మనదే. చివరకు 4-1తో ఓడినా, నాలుగేళ్ళలో ఎంత దూరం వచ్చారో అందరూ చూశారు. ఆ ఒలింపిక్స్‌లో మనది నాలుగవ స్థానం.

1960లో రోమ్ వెళ్ళిన జట్టులో రహీం కుమారుడు హకీం కూడా ఉన్నాడు. కాని ఒక్క ఆటలోనూ మైదానంలోకి దిగలేదు. కొడుకు కోసం మరొకరి చోటు తీయని తండ్రిగా రహీంను అభిమానులు ఇప్పటికీ తలచుకుంటారు. హకీం తరువాత అంతర్జాతీయ రెఫరీగా పేరు తెచ్చుకొని 2021లో కన్నుమూశారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు రహీం జీవితంలో చివరి పెద్ద ఘట్టం. అప్పటికే ఆయన ఆరోగ్యం చెడింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో ఆడేటప్పుడు రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మరొకరైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవారు. రహీం అతణ్ణి వెనుకవరుస నుండి తీసి ముందువరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న ఫైనలులో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైంది. రాజకీయ కారణాల వల్ల స్టేడియం నిండా జనం భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. పి. కె. బెనర్జీ ఒక గోలు, కుట్లు పడిన తలతో జర్నైల్ ఒక గోలు చేయగా భారత్ 2-1తో గెలిచింది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల కేన్సరుతో రహీం మరణించారు. ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆ తరువాత స్వర్ణం రాలేదు. 1970లో కాంస్యం వచ్చింది. ఒలింపిక్స్‌లో 1960 తరువాత మన ఫుట్‌బాల్ జట్టు ఆడనే లేదు.

ఇక అభిమానుల వాదన. అంతా ఒక్కరి మీదే ఆధారపడటం వల్ల ఆయనతోనే పోయిందని కొందరంటారు. సంఘం కార్యదర్శి ఆయనే, శిక్షకుడు ఆయనే. చెట్టు పెద్దదైతే దాని నీడలో మరో మొక్క ఎదగదని వారి మాట. మరికొందరు దీనిని ఒప్పుకోరు. ఆయన పోయిన రెండేళ్ళకు, 1965లో, ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది కదా, పాఠం నిలిచిందనడానికి ఇంతకంటే ఏమి కావాలి అంటారు. వారి దృష్టిలో తప్పు మరొకచోట ఉంది. నేర్చిన ఆటగాళ్ళను కలకత్తా పెద్ద జట్లు ఒకరి తరువాత ఒకరిని తీసుకొనిపోయాయి. నయీముద్దీన్, హబీబ్, అక్బర్ అందరూ హైదరాబాదువారే. అందరూ పేరు పొందింది కలకత్తాలో.

రెండు మాటలలోనూ నిజం ఉంది. అయితే కలకత్తాకు పోయినది పూర్తిగా నష్టమా అన్నది ఆలోచించదగినది. నయీముద్దీన్ తరువాత శిక్షకుడై, 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందాడు. జకార్తాలో గోలు చేసిన బెనర్జీ కూడా కలకత్తా జట్లకు పేరుమోసిన శిక్షకుడయ్యాడు. రహీంకు మాత్రం ఆ పురస్కారం లేదు. అది 1985లో మొదలైంది. 2024లో ఆయన జీవితం మీద "మైదాన్" అనే హిందీ చిత్రం వచ్చాక గాని దేశంలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

ఇదే నగరంలో ఇటీవలి అభిమానులకు ఇంకొక శిక్షకుడు ఉన్నాడు. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్‌సి జట్టుకు స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ శిక్షణ ఇచ్చి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిపించాడు. 2023లో ఆయన వెళ్ళిపోయాడు. మరుసటి సీజనులో డబ్బు ఇబ్బందులతో జట్టు పట్టికలో చివరకు చేరింది. 2025లో నగరాన్నే విడిచి ఢిల్లీకి పోయింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలు వేసుకొని కేకలు వేసిన కుర్రవాళ్ళకు, తాతల నాటి వాదన అప్పుడు అర్థమైంది.

ఆ తాతలు తప్పక చెప్పే పేరు ఒకటుంది, తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టాడు. ఇంట్లో మాట్లాడేది తమిళం. తమిళనాట తెలుగు మాట్లాడే ఇళ్ళు ఉన్నట్టే తెలుగునాట తమిళం మాట్లాడే ఇళ్ళూ ఉన్నాయి. అతని ఆట చూసి రహీం శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుండి నగరానికి రోజూ రావడానికి సైకిలు అద్దెకు కూడా డబ్బు లేదు. ఆ అద్దె రహీమే ఇచ్చారని బలరాం చెప్పుకొన్నాడు. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్, 1962లో జకార్తా, మూడింటిలోనూ బలరాం ఆడాడు. అనారోగ్యం వల్ల 1963లో, రహీం కన్నుమూసిన ఏడాదే, ఆట మానుకోవలసి వచ్చింది. అప్పటికి అతని వయస్సు ఇరవై ఏడు దాటలేదు.