కొట్టానికి కరెంటు: న్యూట్రల్ వేరు, ఎర్త్ వేరు

ఇంటి మీటరు నుంచి దూరపు కొట్టానికి రెండు వైర్లు చాలవా అని ఐటీఐ పిల్లలు అడుగుతుంటారు. చాలవు. ఫేజ్, న్యూట్రల్‌తో పాటు ఎర్త్ వైరూ ఇంటి నుంచే రావాలి.

హోస్పేట దగ్గర మా బంధువుల కొట్టంలో, ఎర్త్ వైరు ఖర్చు మిగులుతుందని మోటారు బాడీని న్యూట్రల్‌కే కలిపారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక గాలివానకు దారిలో న్యూట్రల్ తెగింది. బల్బు వెలగక, కరెంటు లేదనుకున్నారు. కాని ఫేజ్ ఆ బల్బు గుండా న్యూట్రల్‌లోకి, అక్కణ్ణుంచి మోటారు బాడీలోకి చేరింది. బల్బు గుండా వచ్చేది కొద్ది కరెంటే కనుక ఫ్యూజు పోలేదు. మోటారుకు తగిలిన గేదె చచ్చిపోయింది. అంతకు ముందే అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు!

కొట్టంలో పాతిన ఎర్త్ రాడ్‌ను ఎర్త్ బార్‌కే కలపాలి, న్యూట్రల్‌కు కాదు. అమెరికా కోడ్ సైతం రెండో కట్టడంలో ఆ రెండింటినీ కలిపే పద్ధతిని 2008లో కొత్త పనులకు ఆపేసింది. కొట్టంలోనే డీపీ మెయిన్ స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి.

పెద్దలు పని ముగిశాక ఈ పరీక్ష అడిగి చేయించుకోండి: డీపీ స్విచ్ ఆపి, కొట్టం వైపు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటరు పెడితే బీప్ రాకూడదు.