చీటీ మీద మాత్ర, చేతిలో బిల్లు

అంగస్తంభన లోపానికి వాడే సిల్డెనాఫిల్, టడాలఫిల్ మాత్రలు మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందులు. రిజిస్టరైన వైద్యుడు రాసిచ్చిన చీటీ ఉంటేనే మందుల షాపు వీటిని అమ్మాలని 1945 నాటి ఔషధ నియమాల్లో 65వ నియమం చెబుతుంది. చీటీ ఎలా ఉండాలో కూడా ఆ నియమమే చెప్పింది. దాని మీద వైద్యుడి సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మోతాదు, మొత్తం ఎన్ని మాత్రలు అన్నవి ఉండాలి. మళ్ళీ ఇవ్వవచ్చని వైద్యుడు రాయకపోతే ఆ చీటీ మీద ఒక్కసారే మందు ఇవ్వాలి. ఇచ్చినప్పుడు షాపు పేరు, చిరునామా, తేదీ దాని మీద వేయాలి. అన్నకు రాసిన చీటీతో తమ్ముడు మాత్ర కొని మింగడానికీ, మూడేళ్ళ కిందటి చీటీ మడతలు విప్పి మళ్ళీ మందు అడగడానికీ చట్టంలో చోటు లేదు.

అలాగని చీటీ లేకుండా కొన్నవాడు నేరస్థుడు కాడు. ఈ నియమం కట్టేసింది అమ్మేవాణ్ణే. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలోని శిక్షలు తయారుచేసేవాళ్ళకూ, అమ్మేవాళ్ళకూ, పంచేవాళ్ళకూ వర్తిస్తాయి. వాడుకోవడానికి కొన్న రోగికి వర్తించవు. కాబట్టి మోసపోయినవాడు ఫిర్యాదు చేస్తే తన మీదే కేసు పడుతుందని జంకాల్సిన పనిలేదు. అయితే చీటీ, బిల్లు లేకపోతే అతని మాటకు సాక్ష్యం కరువవుతుంది. చాటుగా కొన్న మాత్రతో వచ్చే అసలు నష్టం ఇదే.

అనంతపురం జిల్లా కంబదూరు మండలంలో చీటీ చిక్కు ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. చట్టం చెప్పే ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ను పొట్టిగా రాస్తే ఆర్ఎంపీ. పల్లెల్లో జనం ఆర్ఎంపీ అని పిలిచేది వేరే మనిషిని. ఆయన సంచిలో సూదిమందు పెట్టుకుని ఇంటికొచ్చి జ్వరానికి మందిచ్చే మనిషి. చాలామట్టుకు ఆయనకు ఎంబీబీఎస్ పట్టా గానీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గానీ ఉండవు. అర్ధరాత్రి పిలిచినా పలుకుతాడు కాబట్టి ఊరికి ఆయన మీద గురి ఉంటుంది. ఆ గురిని తప్పుపట్టడం అన్యాయమే. కానీ ఆయన కాగితం మీద మందు పేరు రాసిస్తే అది చట్టం దృష్టిలో చీటీ కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అసలు వైద్యుణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు. తన రిజిస్ట్రేషన్ నంబరు చీటీల మీద వేయాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 చెబుతుంది. నంబరు లేని చీటీ కనిపిస్తే అడగడం రోగి హక్కు. బెంగళూరుకు పనికి వెళ్ళినవాళ్ళు అక్కడి రిజిస్టరైన వైద్యుడి దగ్గర చూపించుకున్నా ఆ చీటీ ఇక్కడ చెల్లుతుంది. కర్ణాటకలోని పావగడలో కొన్నా, ఇక్కడి కళ్యాణదుర్గంలో కొన్నా నియమం ఒక్కటే, ఎందుకంటే అది కేంద్ర చట్టం.

చీటీ మీద ఇంత పట్టు ఎందుకో ఈ మందు పుట్టుకలోనే ఉంది. సిల్డెనాఫిల్‌ను మొదట పరిశీలించింది గుండెనొప్పి మందుగా. అందుకు పెద్దగా పనికిరాలేదు గానీ రెండో గుణం బయటపడింది. 1998 మార్చి 27న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని అంగస్తంభన లోపానికి అనుమతించింది. ఇది రక్తనాళాలను వదులుచేస్తుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు చేసేదీ అదే పని. రెండూ ఒంట్లో కలిస్తే రక్తపోటు ఉన్నట్టుండి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గుండెనొప్పికే వాడే నికొరాండిల్‌తోనూ ఇదే ప్రమాదం. నైట్రేట్లు వాడుతున్నవాళ్ళు ఈ మాత్రలు అసలు తాకకూడదు. సిల్డెనాఫిల్ వేసుకున్నవాళ్ళకు 24 గంటల దాకా, టడాలఫిల్ వేసుకున్నవాళ్ళకు 48 గంటల దాకా నైట్రేట్ ఇవ్వకూడదు. అందుకే ఛాతీలో నొప్పి వచ్చి ఆస్పత్రికి వెళ్ళినవాడు సిగ్గుపడి ఈ మాత్ర సంగతి దాచకూడదు. దాస్తే అక్కడి వైద్యుడే తెలియక నాలుక కింద మాత్ర పెట్టవచ్చు.

ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వంటివి వాడేవాళ్ళు, ఆర్నెల్ల లోపు గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు వైద్యుడికి ముందే చెప్పాలి. సిల్డెనాఫిల్ మామూలుగా 50 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు 25తో మొదలుపెడతారు. 100 దాటకూడదు, రోజుకు ఒక్కసారికి మించి వేసుకోకూడదు. లైంగిక ప్రేరణ లేనిదే అది పనిచేయదు, కడుపునిండా కొవ్వు పదార్థాలు తిన్నాక వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. పనిచేయలేదని రెండోది మింగేవాళ్ళు ఈ మాట తెలియకే మింగుతారు. టడాలఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉండవచ్చు. స్తంభన 4 గంటలు దాటినా, చూపు గానీ వినికిడి గానీ హఠాత్తుగా తగ్గినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అంగస్తంభన లోపం చాలాసార్లు మధుమేహానికో గుండె రక్తనాళాల జబ్బుకో ముందస్తు గుర్తు. చాటుగా మాత్ర మింగినవాడికి ఆ జబ్బు బయటపడే అవకాశం పోతుంది.

వైద్యుడి దగ్గరికి పోలేనివాణ్ణి పట్టుకునేది గోడ మీద పోస్టరు. బస్టాండు వెనక గోడలకు, కరెంటు స్తంభాలకు అంటించిన ‘పురుష శక్తి’, ‘గ్యారంటీ చికిత్స’ కాగితాలు చూడనివాడు ఉండడు. ఇలాంటి ప్రకటనే నేరమని చాలామందికి తెలియదు. ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం 1954లో వచ్చింది. లైంగిక సామర్థ్యాన్ని నిలబెడతామనో పెంచుతామనో మందుకు ప్రచారం చేయడాన్ని అందులోని 3వ సెక్షన్ నిషేధిస్తుంది. ప్రకటనల్లో నయమవుతుందని చెప్పకూడని జబ్బుల పట్టిక ఒకటి చట్టం చివర ఉంది, అందులో నపుంసకత్వం కూడా ఉంది. చట్టం లెక్కలో కరపత్రం, లేబులు, పొట్లం చుట్టిన కాగితం, నోటితో చేసే ప్రచారం, వెలుతురుతో, శబ్దంతో, చివరికి పొగతో చేసేది కూడా ప్రకటనే. ఆటోకు మైకు కట్టుకుని సంతలో తిరిగే లేహ్యం అమ్మకందారు తప్పించుకునే సందు లేదు. మొదటిసారి రుజువైతే ఆర్నెల్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడతాయి. మళ్ళీ చేస్తే ఏడాది దాకా. 9ఏ సెక్షన్ ప్రకారం ఇది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగ్గ నేరం. మందు పనిచేస్తుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, పోస్టరే సాక్ష్యం. ఫోన్‌లో దాన్ని ఒక ఫొటో తీసుకుంటే చాలు.

ఈ చట్టం వాక్ స్వాతంత్ర్యాన్ని హరిస్తోందని యునానీ మందుల సంస్థ హమ్దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకెక్కింది. సొంత వైద్యాన్ని ప్రోత్సహించే వ్యాపార ప్రకటనకు ఆ స్వేచ్ఛ వర్తించదని 1959 డిసెంబరులో కోర్టు తేల్చింది. చట్టంలో రెండు చోట్ల కోత పెట్టింది గానీ మూల నిషేధం నిలిచింది.

‘ఆకుపసరు మందే, దుష్ఫలితాలు ఉండవు’ అనే మాటను నమ్మకూడదు. మూలికల పేరుతో అమ్మే శక్తి మందుల్లో లేబులు మీద చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినవి అనేక దేశాల్లో పరీక్షల్లో బయటపడ్డాయి. నైట్రేట్ వాడే గుండె రోగి అలాంటి చూర్ణం తింటే తాను ఏం మింగాడో అతనికీ తెలియదు, అతన్ని చూసే వైద్యుడికీ తెలియదు.

సంగతి ఊళ్ళో పొక్కుతుందన్న భయానికీ చట్టంలో జవాబుంది. వృత్తిలో తెలిసిన రోగి రహస్యాన్ని వైద్యుడు బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్ర ప్రమాదం, తప్పక తెలియజేయాల్సిన జబ్బు వంటివే మినహాయింపులు, అంగస్తంభన లోపం ఆ లెక్కలోకి రాదు. మందు అమ్మినవాడో, ఫోన్‌లో ఆర్డరు తీసుకున్నవాడో ‘మీ ఇంట్లో చెబుతా’ అని డబ్బు గుంజితే అది భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు. ఫోన్‌లో డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పాలి. పెళ్ళి చెల్లదంటారేమోనన్న దిగులూ కొందరిని పీడిస్తుంది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద నపుంసకత్వం కారణంగా దాంపత్యం జరగకపోతేనే వివాహం రద్దు కోరవచ్చు. శారీరక లేదా మానసిక స్థితి వల్ల దాంపత్యం ఆచరణలో అసాధ్యమైనప్పుడే దాన్ని నపుంసకత్వం అంటారని సుప్రీంకోర్టు 1969లో దిగ్విజయ్ సింగ్ కేసులో చెప్పింది. మాత్ర చీటీ ఒక్కటే దానికి రుజువు కాజాలదు.

నాసిరకమో నకిలీదో అని అనుమానం వచ్చిన మందును, దాన్ని కొన్నవాళ్ళు ఎవరైనా నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చని 1940 చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. ఇంత మంచి సెక్షన్ ఉందని ఎవరూ చెప్పరు. స్ట్రిప్‌లో మిగిలిన మాత్రలు, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క, బిల్లు పారేయకూడదు. లైసెన్సు లేకుండా మందులు అమ్మితే 3 నుంచి 5 ఏళ్ళ జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా. నకిలీ మందు వల్ల ప్రాణం పోయినా, తీవ్ర గాయమైనా శిక్ష పదేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఈ ఫిర్యాదులు తీసుకోవాల్సింది ఔషధ నియంత్రణ శాఖ డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు. నష్టపరిహారం కావాలంటే రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. మందు ఎక్కడ కొన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. సలహాకు 1915కు ఫోన్ చేయవచ్చు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రి సేవ మీద మాత్రం ఈ దారి లేదని 1995లో వి.పి. శాంతా కేసు తేల్చింది, అక్కడ సివిల్ కోర్టుకు వెళ్ళవచ్చు.

లాయరుకు డబ్బులేని రైతుకు న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ఆసరా ఉంది. ఉచిత న్యాయ సహాయానికి అర్హులెవరో చెప్పే 12వ సెక్షన్‌లో మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులతో పాటు తన తప్పు లేకుండా కష్టంలో పడిన విపత్తు బాధితుల ప్రస్తావన ఉంది. ఆ విపత్తుల వరసలో వరద, భూకంపాలతో పాటు కరువు అన్న మాట పేరుపెట్టి రాసి ఉంది. ఈ వర్గాలకు ఆదాయ పరిమితి లేదు. వానలు మొండికేసి వేరుశనగ ఎండిపోయిన ఏడాది కంబదూరు రైతు అనంతపురం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ మాటను కాగితం మీద రాయడం మరిచిపోకూడదు. ఫోన్ చేయాల్సిన నంబరు 15100.