వంశంలో దాగిన ముప్పు

2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియాన్ నగరంలో కాన్ఫెడరేషన్స్ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ జరుగుతున్నది. కామెరూన్ జట్టుకు చెందిన 28 ఏళ్ల మార్క్ వివియన్ ఫోయే ఆట మధ్యలో కుప్పకూలాడు. ఎవరూ అతనిని ఢీకొనలేదు. వైద్యులు ఎంత శ్రమించినా ప్రాణం దక్కలేదు. బలిష్ఠుడైన ఆ యువకుని గుండెకు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే వ్యాధి ఉన్నట్లు శవపరీక్షలో తేలింది.

ఈ వ్యాధిలో రక్తపోటు వంటి కారణమేదీ లేకుండానే గుండె కండరం దళసరి అవుతుంది. వరుసగా ఉండవలసిన కండర కణాలు చిక్కుపడి ఉంటాయి. గుండె లయను నడిపే విద్యుత్తు ఆ చిక్కులో దారి తప్పినప్పుడు గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది. మెదడుకు రక్తం అందక క్షణాలలో స్పృహ పోతుంది. రక్తనాళం పూడుకొనిపోయి వచ్చే గుండెపోటు వేరు, ఈ లయభంగం వేరు. 'లాంగ్ క్యూటీ' అనే మరొక వ్యాధిలో గుండె నిర్మాణం చక్కగానే ఉంటుంది. లోపమంతా విద్యుత్ వ్యవస్థలోనే ఉంటుంది.

ఇటువంటి వ్యాధులు తరచుగా వంశపారంపర్యంగా వస్తాయి. తల్లిదండ్రులలో ఒకరికి దోషమున్న జన్యువు ఉంటే, ఆడపిల్లకైనా మగపిల్లవానికైనా అది సంక్రమించే అవకాశం సాధారణంగా 50 శాతం. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక పరిశోధన 2009లో వెలువడింది. గుండె కండరానికి అవసరమైన ఒక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో 25 అక్షరాలు లోపించినవారు భారత ఉపఖండంలో నూటికి సుమారు 4 మంది ఉన్నారని అది తెలిపింది. అయితే వారందరూ రోగులు కారు. కొందరిలో వ్యాధి నడివయస్సు దాటిన తరువాతనే బయటపడుతుంది.

పడుచు వయస్సులో ఎవరైనా హఠాత్తుగా మరణిస్తే 'నూకలు చెల్లాయి' అని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. పెళ్లి సంబంధాలు చెడతాయని దాచేవారూ ఉన్నారు. ఆ మౌనం వలన అదే ఇంట మరొక ప్రాణం పోవచ్చు. మరణించినవారి తోబుట్టువులు, తల్లిదండ్రులు, పిల్లలు ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించుకోవాలి. పరుగెత్తేటప్పుడో ఈదేటప్పుడో స్పృహ తప్పితే నీరసమని కొట్టిపారేయరాదు. మందులతోను, అవసరమైతే శరీరంలో అమర్చే పరికరంతోను ముప్పును తగ్గించవచ్చు.

2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలోనే కూలిపోయాడు. వెంటనే ఛాతీని అదిమి, విద్యుత్ ఘాతమిచ్చి అతనిని బ్రతికించారు. 2022లో అతడు తిరిగి ఆట ఆడాడు. కారణమేదైనా, గుండె ఆగినప్పుడు కాపాడే పద్ధతి ఇదే. ఎదుటివారు కూలిపోయి ఊపిరి తీయకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు బలంగా అదమాలి. ఈ విద్యను విద్యార్థులందరూ నేర్చుకోవడం ఎంతైనా అవసరం.

ప్రశ్నలు
1. గుండెపోటుకు, లయభంగానికి గల భేదమేమి?
2. కుటుంబంలోని ఆకస్మిక మరణాన్ని దాచడం వలన కలిగే అనర్థాన్ని వివరించండి.